డిసెంబర్ 4: ఘంటసాల పుట్టినరోజు, మా తాత పుట్టినరోజు

పొద్దున్నే వీధి చివర మైకులో భగవద్గీత వినిపిస్తే మనం అది ఏ శ్లోకమని అడగం. ఎవరు పోయారని అడుగుతాం. ఆంధ్రా అయినా తెలంగాణ అయినా ఇంతే. టెంటు ఇంకా రాదు, కుర్చీలు ఇంకా దిగవు, ఆ గొంతు మాత్రం ముందే వచ్చేస్తుంది. వైకుంఠ రథంలోనూ అదే గొంతు. పాతికేళ్ళకు పైగా ప్రేమ పాటలు, తాగుబోతు పాటలు, అల్లరి పాటలు, దేవుడి పాటలు, వందల పద్యాలు పాడిన మనిషి మన ఏజ్ వాళ్ళకి చావింటి గొంతుగా మిగిలిపోయారు. నాకైతే ఇది చాలా అన్యాయం అనిపిస్తుంది. అందుకే ఈసారి మ్యాగజైన్‌కి ఆయన కథ రాస్తున్నాను, అది కూడా పుట్టినరోజు వైపు నుంచి.

ఘంటసాల అన్నది ఇంటిపేరు. అసలు పేరు వెంకటేశ్వరరావు. ఎవరినైనా ఇంటిపేరుతో పిలిస్తే అదేదో ఆఫీసు పిలుపులా ఉంటుంది, ఈయన విషయంలో మాత్రం అదే ముద్దుపేరు అయిపోయింది. 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. నాన్న సూరయ్య గారు మృదంగం వాయించేవారు, నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. భజనలకు వెళ్ళేటప్పుడు కొడుకుని భుజాల మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు. అక్కడ నాన్న పాడుతుంటే పిల్లాడు డ్యాన్స్ చేసేవాడు. ఊళ్ళో వాళ్ళు మురిసిపోయి బాలభరతుడని పేరు పెట్టారు. అంటే ఆయన కెరీర్ మొదలైంది స్టూడియోలో కాదు, జనం మధ్యలో. మైకు లేదు, రీటేక్ లేదు, తప్పు పాడితే అక్కడే అందరికీ తెలిసిపోతుంది.

పదకొండేళ్ళప్పుడు నాన్న పోయారు. పోయేముందు కొడుక్కి సంగీతం గొప్పతనం చెప్పి, దాన్ని వదలొద్దని మాట తీసుకున్నారట. ఆ తర్వాత కుటుంబాన్ని మేనమామ చూసుకున్నారు. పిల్లాడికి గొంతు ఉంది కానీ శాస్త్రం రాదు. ఒక సభలో తెలిసిన విద్వాంసుల ముందు పాడబోయి ఓడిపోతే జనం నవ్వారు. ఆ నవ్వు గట్టిగానే తగిలినట్టుంది. సంగీతం నేర్పుతామన్న వాళ్ళ ఇళ్ళల్లో ఉండి బట్టలు ఉతికి, ఇంటి పని అంతా చేసి, చివరికి నేర్చుకున్నది చాలా తక్కువ. అప్పుడు ఒకరోజు ఇంట్లో చెప్పకుండా, వేలికున్న బంగారు ఉంగరం అమ్మి, ఆ డబ్బుతో విజయనగరం బండెక్కారు.

విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ఉంది. 1919లో మొదలైంది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఈ కుర్రాడు వెళ్ళేసరికి ఆ కుర్చీలో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఉన్నారు. తీరా వెళ్తే కాలేజీకి వేసవి సెలవులు! మనలో ఎవరైనా అయితే అక్కడినుంచే రిటర్న్ టికెట్ బుక్ చేస్తాం. ఈయన దగ్గర రిటర్న్ టికెట్టుకి అమ్మడానికి ఇంకో ఉంగరం కూడా లేదు. నాయుడు గారు జాలిపడి కాలేజీలోనే ఉండనిచ్చారు. వారాలు చేసుకుని తినడం, అంటే సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో. అది కూడా ఎక్కువ రోజులు సాగలేదు. తోటి కుర్రాళ్ళు ఏదో నేరం ఈయన మీదికి తోశారు, కాలేజీ నుంచి బయటికి పంపేశారు. ఆ సంగతి తెలిసి వారాలు పెట్టే ఇళ్ళూ తలుపులేసుకున్నాయి. ఊళ్ళో గుడే మకాం అయింది.

అప్పుడు దొరికారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. నా లెక్కలో ఈ కథలో ఘంటసాల తర్వాత గొప్పవాడు ఈయనే. శాస్త్రి గారి దగ్గర కూడా డబ్బు లేదు. చదువు ఫ్రీగా చెప్తాను, తిండి మాత్రం నువ్వే చూసుకోవాలన్నారు. అప్పుడు ఘంటసాల భుజానికి జోలె కట్టుకుని మధుకరం మొదలుపెట్టారు. ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కుని, వచ్చింది రెండు పూటలు తినడం. మధ్యాహ్నం మిగిల్చిన అన్నం గుడ్డలో మూటకడితే సాయంత్రానికి చీమలు పట్టేవి. మూతున్న డబ్బా ఒకటి కొనుక్కోవడానికి ఇంటికి ఉత్తరం రాయాల్సి వచ్చిందని చెబుతారు. హాస్టల్ మెస్సులో సాంబారు పలచగా ఉందని గ్రూపులో వంద మెసేజ్‌లు పెట్టే మనకి ఈ డబ్బా సంగతి ఒకసారి గుర్తుండాలి. ఆ తిండితోనే, ఆ గురువు దగ్గరే తయారై, మళ్ళీ కాలేజీలో చేరి, కోర్సు పూర్తి చేసి, సంగీత విద్వాన్ పట్టా పట్టుకుని ఇంటికి వచ్చారు.

వచ్చాక ఏం చేశారు? పెళ్ళిళ్ళలో, ఉత్సవాల్లో కచేరీలు చేశారు. పిల్లలకు పాఠాలు చెప్పారు. నాటకాల్లో వేషాలు వేశారు. 1942లో క్విట్ ఇండియా వచ్చింది. ఊరూరా తిరిగి దేశభక్తి పాటలు పాడినందుకు బ్రిటిష్ వాళ్ళు పట్టుకెళ్ళి బళ్ళారి అలీపురం జైల్లో పెట్టారు. దాదాపు 18 నెలలు అక్కడే. అప్పటికి ఆయన వయసు ఇరవై. నా కన్నా ఒక్క సంవత్సరం ఎక్కువ.

బయటికొచ్చాక 1944లో పెళ్ళయింది, సావిత్రి గారితో. ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. పెళ్ళిరోజు సాయంత్రం కచేరీ ఉంటుంది కదా, దానికి ఎవరినీ బయటినుంచి పిలవలేదు. పెళ్ళికొడుకే కూర్చుని కచేరీ చేశాడు. వచ్చినవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. ఇప్పుడు మనం సంగీత్ అని, డీజే అని లక్షలు ఖర్చుపెడతాం. ఆ మనిషి తన పండగకి తనే పాటగాడు, తనే మేళం. పండగ అంటే ఆయనకి అర్థం ఒక్కటే అనుకుంటా, నలుగురు కూర్చోవాలి, పాట పాడాలి.

సినిమా దారి చూపించింది సముద్రాల రాఘవాచార్య గారు. పెదపులివర్రులో ఈయన పాట విని మద్రాసు రమ్మన్నారు. రమ్మన్నారు కానీ మద్రాసులో సముద్రాల వారి ఇల్లు చాలా చిన్నది. అక్కడ ఇబ్బంది పెట్టలేక పానగల్ పార్కు వాచ్‌మన్‌కి నెలకింతని ఇచ్చి రాత్రిళ్ళు పార్కులో పడుకునేవారు. పగలు అవకాశాల కోసం తిరగడం. మద్రాసు రేడియోలో పాటలు, సినిమాల్లో కోరస్. 1944లో వచ్చిన సీతారామ జననంలో ఆయన గుంపులో ఒక గొంతు. 1945లో స్వర్గసీమలో భానుమతి గారితో కలిసి పాడే ఛాన్స్ వచ్చింది. 1949లో కీలుగుర్రం, మనదేశం సినిమాలకు ఆయనే మ్యూజిక్ డైరెక్టర్. 1951లో పాతాళభైరవి. అక్కడినుంచి కథ మీకు తెలియకపోయినా మీ ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసు. దేవదాసు, మాయాబజార్, గుండమ్మ కథ, లవకుశ... లిస్టు రాస్తే ఈ సంచిక సరిపోదు.

రెండు విషయాలు మాత్రం చెప్పి తీరాలి. ఒకటి, ఎన్టీఆర్‌కీ ఏఎన్నార్‌కీ పాడింది ఒకే మనిషి. కానీ కళ్ళు మూసుకుని విన్నా స్క్రీన్ మీద ఎవరున్నారో చెప్పేయొచ్చు. గొంతు మార్చి మిమిక్రీ చేయలేదు. మాట విరిచే తీరు, ఊపిరి ఆపే చోటు, అంతే తేడా. రెండోది పద్యం. అంతకు ముందు స్టేజీ నాటకాల్లో పద్యమంటే చివర్లో రాగం గంటసేపు లాగడమే, జనం వన్స్‌మోర్ కొడితే మళ్ళీ మొదటినుంచి. ఘంటసాల ఆ సాగదీత కోసేశారు. ముందు మాట అర్థం కావాలి, రాగం దాని వెనక నడవాలి. ఛందస్సు ఏంటో తెలియని నాలాంటి ఇంగ్లీష్ మీడియం కేసుకి కూడా ఆయన పాడితే పద్యంలో ఎక్కడ కామా ఉందో, ఎవరు ఎవరిని తిడుతున్నారో తెలిసిపోతుంది. కరుణశ్రీ గారి పుష్పవిలాపం ఆయన పాడకపోయుంటే ఎంతమందికి చేరేదో నాకైతే డౌటే.

పేరొచ్చాక మనిషి మారాడా అంటే, జోలె కట్టించిన గురువు గారి కుటుంబం వైపు చూస్తే తెలుస్తుంది. సీతారామశాస్త్రి గారి అబ్బాయి పట్రాయని సంగీతరావు గారు ఎన్నో ఏళ్ళు ఘంటసాలకి హార్మోనియం మీద, మ్యూజిక్‌లో అసిస్టెంటుగా పక్కనే ఉన్నారు. హిందుస్తానీ మహా గాయకుడు బడే గులాం అలీఖాన్ మద్రాసు వస్తే ఘంటసాల ఇంట్లోనే దిగేవారు. (ఖాన్ సాబ్ చివరి రోజులు మన హైదరాబాద్‌లోనే, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో గడిచాయి, 1968లో అక్కడే పోయారు.) సొంతంగా సినిమాలు కూడా తీశారు, పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్. వాటితో చేతులు కాల్చుకున్నారు. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు, పాటగాళ్ళు ప్రొడ్యూసర్లు అయితే మామూలుగా ఏమవుతుందో అదే అయింది.

ఇప్పుడు ఆ గొంతు మా ఊరికి ఎలా వచ్చిందో చెప్తా. మాది నారాయణఖేడ్, మేమంతా ఖేడ్ అంటాం. చౌటపల్లికీ మాకూ ఏ లింకూ లేదు. మా తాత పుట్టినప్పుడు ఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండె. 1956లో మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి అయింది. మా తాత ఇల్లు మారలేదు, జిల్లాలే మూడు మారినయ్. బజారులో నిలబడితే ఒకరు తెలుగు, ఒకరు కన్నడం, ఒకరు మరాఠీ, ఒకరు ఉర్దూ. అలాంటి ఊళ్ళో మా తాత టైలర్. షాపులో కుట్టు మిషన్ పక్కన ఒక రేడియో. ఆ రేడియోలో వచ్చిన ఘంటసాల పాటలు వింటూ వింటూ తెలుగు పద్యాలు నోటికి పట్టారు. బడిలో నేర్చుకున్నది నాలుగో తరగతి వరకే. ఇప్పటికీ కాజాలు కుడుతూ దుర్యోధనుడి పద్యాలు పాడతారు. కత్తెర చప్పుడే తాళం.

మా తాతకి తన పుట్టినరోజు తెలియదు. ఆధార్‌లో జనవరి 1 ఉంది, అది కార్డు రాసినాయన పెట్టింది. వాళ్ళమ్మ చెప్పిన గుర్తు ప్రకారం చలికాలం, కందులు పూతలో ఉన్నప్పుడు. ఇంట్లో అందరి బర్త్‌డేలకీ కేకులు తెస్తుంటే, పోయినేడు మా అత్తమ్మ పట్టుబట్టింది, నీకు కూడా ఒక తారీఖు పెట్టుకుందామని. తాత ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎట్లాగూ తెలియదు కాబట్టి ఘంటసాల పుట్టినరోజే తనదీ అన్నారు. చలికాలమే కదా, సరిపోయింది. కేకు వద్దు, కొత్త బట్టలు ఎట్లాగూ తనే కుట్టుకుంటారు. అడిగింది ఒక్కటే, ఆ రోజు పట్నంలో ఘంటసాల పాటల కచేరీ ఉంటది కదా, అక్కడికి తీసుకుపొమ్మన్నారు. జీవితంలో ఒక్కసారి కూడా ఆ పాటలు ఎదురుగా కూర్చుని వినలేదట.

ప్రతి డిసెంబర్ 4కి తెలుగువాళ్ళున్న చాలా ఊళ్ళల్లో ఇలాంటి కచేరీలు జరుగుతాయి. హైదరాబాద్, విజయవాడ సరే, అమెరికాలో కూడా. 2022లో శతజయంతి అయితే ఇంకా ఎక్కువ జరిగాయి. ఆలోచిస్తే వింతే. ఒరిజినల్ రికార్డింగులు ఫోన్లో ఫ్రీగా ఉన్నాయి, ఒక్క తప్పు ఉండదు. అయినా జనం బస్సులెక్కి వచ్చి, ఆయనంత బాగా పాడలేని వాళ్ళు పాడుతుంటే వింటారు.

ఖేడ్ నుంచి మూడు గంటలకు పైగా బస్సు. నేను హాస్టల్ నుంచి డైరెక్టుగా రవీంద్రభారతికి వెళ్ళాను. తాత తను కుట్టుకున్న తెల్ల లాల్చీలో, నాన్న, అత్తమ్మ. టికెట్ ఏం లేదు, ముందొస్తే ముందు సీటు. మొదటి గంట శాలువాలకే పోయింది. వేదిక మీద ఎంతమంది ఉంటే అన్ని శాలువాలు, అన్ని స్పీచులు. వీణ లేదు, దాని బదులు కీబోర్డ్. ఘంటసాల ఫొటోకి నిలువెత్తు బంతిపూల దండ వేసి, దాని ముందే నిలబడి పుష్పవిలాపం పాడారు! పూలను తెంపొద్దని ఏడ్చే పద్యాలవి. నాకు నవ్వొచ్చింది, తాత మోచేత్తో పొడిచారు.

తర్వాత ఒక పెద్దాయన వచ్చారు, బ్యాంకులో రిటైర్ అయ్యారట. జగదేకవీరుని కథలో, ఒకే సీన్లో అయిదుగురు ఎన్టీఆర్‌లు కనిపించే ఆ పాట ఎత్తుకున్నారు. దాన్ని లైవ్‌లో ఎత్తుకోవడమే సాహసం. పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు పట్టేసింది. ఒక సెకను హాలంతా నిశ్శబ్దం. ఆయన ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అదే చోటునుంచి ఎత్తుకుని ఈసారి దాటేశారు. హాలు లేచి నిలబడింది. మా తాత కూడా. రికార్డు వింటే ఘంటసాల అక్కడికి చాలా ఈజీగా వెళ్ళినట్టు ఉంటుంది. అది ఎంత ఎత్తో ఆ బ్యాంకాయన జారినప్పుడు తెలిసింది.

అదే రవీంద్రభారతిలో 1972లో ఘంటసాల స్వయంగా కచేరీ చేస్తున్నారు. మధ్యలో గుండెల్లో నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో చేర్చారు. అప్పటికే షుగర్ ఉంది. దానికి రెండేళ్ళ ముందు పద్మశ్రీ వచ్చింది, హైదరాబాద్‌లోనే లాల్ బహదూర్ స్టేడియంలో రజతోత్సవం చేశారు. 1971లో జర్మనీ, ఇంగ్లండ్, అమెరికా తిరిగి అక్కడి తెలుగువాళ్ళకి పాడి వచ్చారు. ఒంట్లో బాగాలేకపోయినా జనం ముందు కూర్చోవడం మానలేదు. సినిమా పాటకి స్టూడియోలో ఇచ్చే డబ్బుతో పోలిస్తే ఈ తిరుగుడు అవసరం లేదు. ఆయనకి అవసరమనిపించింది.

చాలా రోజులకు ఆస్పత్రి నుంచి బయటికి వచ్చాక మనసులో పెట్టుకున్న పని ఒకటే, భగవద్గీత. కొన్ని శ్లోకాలు ఎంచుకుని, ఒక్కోదాని కింద తెలుగులో అర్థం చెబుతూ పాడాలి. అది పూర్తయ్యాక సినిమా పాటలు మానేద్దామనుకున్నారట. మన చావిళ్ళల్లో వినపడేది అదే రికార్డు. ఆయన పాడింది చావుల కోసం కాదు. ఒక జబ్బు మనిషి లేచి కూర్చుని, మామూలు జనానికి సంస్కృతం అర్థమయ్యేలా చెప్పాలని చేసిన పని. 1974 ఫిబ్రవరి 11న మద్రాసు ఆస్పత్రిలో పోయారు. వయసు 51. గీత రికార్డు ఆ తర్వాతే బయటికి వచ్చింది. తన కంపోజిషన్ జనం వినగా ఆయన చూడలేదు.

ఆ రాత్రి లింగంపల్లిలో అత్తమ్మ వాళ్ళింట్లో పడుకుని, పొద్దున బస్సుకి నేను కూడా వాళ్ళతో ఖేడ్ బయల్దేరాను. జోగిపేట దాటాక తాత, నాన్నతో మామూలుగా, బటన్లు తెమ్మని చెప్పినంత మామూలుగా ఒక మాట చెప్పారు. తను పోయిన రోజు ఇంటి ముందు గీత పెట్టొద్దట. ఆ గొంతే ఉండాలి గానీ పాతాళభైరవి నుంచి మొదలుపెట్టమన్నారు. నాన్న ఏం మాట్లాడలేదు, కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాడు. నేను ఫోన్ తీసి ప్లేలిస్ట్ ఓపెన్ చేశాను. తాత ఒక్కో సినిమా పేరు చెప్తుంటే వెతికి యాడ్ చేశాను. ఖేడ్ డిపోలో దిగేసరికి పదకొండు అయ్యాయి. ఎక్కువ పద్యాలే.